కిల్లేదారు గారి చుట్టాలు

బాషా ఫోన్ చేసి, కొండవీడు కోట చూడ్డానికి వస్తున్నాం అక్కా అన్నప్పుడు నాకు ముందు నవ్వొచ్చింది. ఆ కొండ పక్కనే పుట్టి, ఆ కొండ పక్కనే ఫిరంగిపురంలో కాపురానికొచ్చిన దాన్ని నేను. చిన్నప్పుడు సీతాఫలాల కోసం ఎక్కడమే తప్ప, కోట చూడాలని ఏనాడూ ఎక్కలేదు. రెడ్డిరాజులు అక్కడ కూర్చుని రాజ్యం ఏలారంటారు. ఏలితే ఏలారు. వాళ్ల తర్వాత ఎవరెవరో వచ్చారు, అందరూ పోయారు. మిగిలింది కోతులు, కూలిన గోడలు, ముళ్లకంప. చార్మినారునీ గోలకొండనీ ఊళ్లోనే పెట్టుకున్న మనిషి దీనికోసం బండి మాట్లాడుకుని రావడమేంటి?

ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఫోనేమో మా ఇంటి ఎదురుగా యలమందయ్య టీ కొట్టులో ఉంది. నేను మిరపకాయల పని నుంచి అప్పుడే వచ్చి, చేతులు కూడా కడుక్కోకుండా పరిగెత్తాను. పొద్దుట్నుంచీ తొడిమలు తీసీ తీసీ వేళ్లు మండుతున్నాయి. ఆ వేళ్లతో రిసీవరు పట్టుకుంటే చెవి కూడా మండింది. అవతల బాషా మాత్రం తీరిగ్గా చెప్పుకుపోతున్నాడు.

బాషా అంటే మా ఆయన మేనత్త తోడికోడలి కొడుకు. ఈ చుట్టరికం చెప్పేటప్పుడు నేను కూడా మధ్యలో ఒకసారి ఆగి ఊపిరి తీసుకుంటాను. ఏ చావుకో, ఏ పెళ్లికో కనబడతాడు. హైదరాబాదులో ఏదో ఆఫీసులో గుమస్తాగా చేరి పైకొచ్చాడు, ఇల్లు కట్టాడు. వాళ్ల నాన్నా, మా మామగారూ విల్లు భుజాన వేసుకుని కలిసి ఊళ్లు తిరిగి పరుపులకి దూది ఏకినవాళ్లే. ఆ సంగతి మా ఆయన అడిగినవాడికీ అడగనివాడికీ చెప్తాడు. బాషా అడిగినా చెప్పడు.

"మా అమ్మాయికి సంబంధం కుదిరేట్టుంది అక్కా," అన్నాడు. "పెద్దింటివాళ్లు. మేం కొండవీడు కిల్లేదార్ల వంశమని చెప్పుకున్నాం. పెళ్లికొడుకు తల్లి ఆ కోట ఒకసారి చూద్దామంటోంది."

"కిల్లేదారంటే?"

"కోటకి అధికారి."

"మనోళ్లా?"

"అక్కా, దూది మాట మాత్రం రానీయొద్దు. బావకి నువ్వే సర్దిచెప్పాలి," అన్నాడు. ఆ తర్వాత గొంతు మార్చి, "ఈ ఒక్కరోజు గడవనీ. మీ షిరీన్ సంగతి నేను చూసుకుంటాను," అన్నాడు.

అక్కడ దొరికిపోయాను. మా షిరీన్ నరసరావుపేటలో డిగ్రీ చదివి ఫస్టు క్లాసులో పాసైంది. పాసై ఏడాది దాటింది. అప్పట్నుంచీ నా పక్కనే గోనెపట్టా మీద కూర్చుని తొడిమలు తీస్తోంది. కోల్డు స్టోరేజీ షెడ్డులో ఆ ఘాటుకి అందరం దగ్గుతుంటాం, అది మాత్రం దగ్గు వచ్చినప్పుడల్లా మొహం అటు తిప్పుకుంటుంది, ఇక్కడ దగ్గడం కూడా తనకి చిన్నతనమన్నట్టు. అమీర్‌పేటలో కంప్యూటరు కోర్సు చేస్తే ఉద్యోగం వస్తుందని దాని ఆశ. ఫీజు ఏదో తంటాలు పడి కడతాం. ఉండటానికి చోటెక్కడ? హాస్టలు మాకు తూగే మాట కాదు. బాషా ఇంట్లో ఒక మూల చాప వేసుకునే చోటిస్తే పిల్ల బతుకు ఒడ్డున పడుతుంది. ఇదివరకు అడిగితే "చూద్దాంలే అక్కా" అన్నాడు. ఆ "చూద్దాంలే" పట్టుకునే అది ఏడాది నెట్టుకొచ్చింది.

ఆ రాత్రి అన్నం పెడుతూ మా ఆయనకి సంగతంతా చెప్పాను. మా ఆయన పేరు అల్లాబక్షు. మంచివాడే, నోరే కాస్త ఆగదు. ఎవరింటికెళ్లినా మంచం మీద కూర్చోగానే పరుపు మూల నొక్కి చూస్తాడు. "ఇది మిల్లు చెత్తమ్మా, దూది కాదు, మిమ్మల్ని మోసం చేశారు" అని ఇంటివాళ్ల మొహం మీదే చెప్తాడు. స్పాంజి పరుపులు వచ్చాక ఆయన పని సగానికి పడిపోయింది గానీ, మాట ఒక్కటీ తగ్గలేదు.

"అబద్ధం ఆడమంటావా?" అన్నాడు.

"ఆడొద్దు. నోరు మూసుకో. అదీ ఇదీ ఒకటి కాదు."

"మనోళ్లు కోటకి పోయిన మాట నిజమే. సిపాయిల పరుపులు కుట్టడానికి పోయారని మా తాత చెప్పేవాడు."

"ఇదిగో, ఈ మాటే వద్దంటున్నా."

ఆయన షిరీన్ వైపు చూశాడు. అది కంచంలో చెయ్యి పెట్టుకుని కూర్చుంది. "సరే, పిల్ల కోసమేగా," అన్నాడాయన. "ఒక్కరోజుకి మూగోణ్ణయితే పోయేదేముంది?"

వాళ్లు వచ్చే ముందురోజు ఇల్లంతా వెతికి దూదిని వెళ్లగొట్టాను. చెప్పడం తేలికే. గోడ పగుళ్లలో దూది, చూరులో దూది, ఖురాను పెట్టే గూట్లో కూడా దూది. విల్లు, దాన్ని కొట్టే కర్ర, గుడ్డ తానులు, కుట్టే సూదులు అన్నీ మోసుకెళ్లి పక్కింటి కొండమ్మ వంటింట్లో పెట్టొచ్చాను. "పోలీసులు వస్తన్నారా ఏంది?" అంది కొండమ్మ. "చుట్టాలు వస్తన్నారు," అన్నాను. నడుం పట్టేసి ఆ రాత్రి పక్కమీద అటూ ఇటూ తిరగలేకపోయాను.

పలావు తెల్లారకముందే వండాను. సుమోలో చోటు ఉండదని బాషా ముందే చెప్పాడు కాబట్టి, గిన్నెలూ నీళ్ల క్యానూ సైకిలుకి కట్టుకుని మా ఆయన ముందుగా బయలుదేరాడు. బక్రీదుకి కుట్టించుకున్న తెల్లచొక్కా ఇస్త్రీ చేయించి, కవర్లో పెట్టి, హ్యాండిలుకి తగిలించుకున్నాడు. గిన్నెల మసి అంటుతుందట, కొండ దగ్గరికి పోయాక మార్చుకుంటాడట. పాత లుంగీ, చెమట బనీను, తలకి తువ్వాలు. అలా వెళ్లాడు.

సుమో మమ్మల్ని ఎక్కించుకోవడానికి రోడ్డు మీదికే వచ్చింది. ముందు సీట్లో బాషా. వెనక రుక్సానా బేగం అని ఆ పెళ్లికొడుకు తల్లి, పక్కన పెళ్లికొడుకు వాసిం, మెడలో కెమెరా. ఆవిడ కటువైన మనిషి అనుకుని భయపడ్డాను గానీ కాదు. మంచిగానే పలకరించింది. భర్త ఖమ్మంలో ఉద్యోగం చేసినన్నాళ్లూ అక్కడే ఉన్నారట, తెలుగు బాగానే మాట్లాడుతుంది. నాకు నమాజులో చదివే నాలుగు అరబీ ముక్కలే వచ్చు, ఉర్దూ రాదు, ఆ గండం అలా తప్పింది. షిరీన్‌కి మాత్రం టీవీ పుణ్యమా అని వచ్చు. ఆవిడ ఉర్దూలో ఏదో అంటే ఇది తడుముకోకుండా బదులిచ్చింది. ఆవిడ దాని చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. ఆ వేళ్ల ఎరుపు చూసి, గోరింటాకు పాతబడింది కదా అంది. షిరీన్ అవునంది.

మేం కొండ కిందికి చేరేసరికి మా ఆయన అప్పుడే సైకిలు దిగి తాళ్లు విప్పుతున్నాడు. దారిలో టైరులో గాలి పోయిందట, ఆలస్యమైంది. చొక్కా కవరు ఇంకా హ్యాండిలుకే వేలాడుతోంది. మమ్మల్ని చూసి మొహం వెలిగించుకుని రెండడుగులు ముందుకొచ్చాడు. సలాం చెప్పడానికి చెయ్యి ఎత్తబోతున్నాడు.

బేగం గారు షిరీన్‌ని అడిగింది, "ఈ మనిషిని పనికి పెట్టుకున్నారా?"

తప్పుగా అడగలేదు. ఆ బనీనులో ఎవరు చూసినా అదే అడుగుతారు. బాషా కొండ వైపు తిరిగి నిలబడ్డాడు. నేను నోరు తెరిచాను, తెరిచిన మాట నిజం.

"అవునాంటీ," అంది షిరీన్. "సామాను మోయడానికి."

"మరి మీ నాన్నగారు?"

"పత్తి వ్యాపారం ఆంటీ. పనిమీద గుంటూరు వెళ్లారు."

ఎంత నున్నగా వచ్చిందో ఆ మాట. ఇంట్లో ముందు అనుకున్నది కూడా కాదు. మా ఆయన ఎత్తబోయిన చెయ్యి అలాగే తలమీదికి పోనిచ్చి, తువ్వాలు విప్పి, మళ్లీ కట్టుకున్నాడు. నా వైపు చూస్తాడనుకున్నాను. చూడలేదు. నీళ్ల క్యాను భుజానికెత్తుకుని, "రండమ్మా, ఎండెక్కకముందే ఎక్కాలి," అన్నాడు.

కొండ ఇంకా మొదలే కాలేదు.

మెట్లంటే మెట్లు కావవి, ఎవరో విసిరేసినట్టున్న బండలు. ఎక్కేకొద్దీ కొండ పైకి జరుగుతున్నట్టే ఉంది. నా మోకాళ్లు ఒకటి తర్వాత ఒకటి ఏడ్చాయి. కింద చేలల్లో ఎక్కడ చూసినా ఆరబోసిన మిరపకాయలు ఎర్రగా కనబడుతుంటే, వాసిం అబ్బో అబ్బో అంటూ ఫొటోలు తీసుకుంటున్నాడు. ఆ ఎరుపులో ప్రతి కాయ తొడిమా మా చేతుల్లోంచే పోవాలని ఆ అబ్బాయికేం తెలుసు. నాకు చూడాలనిపించలేదు. బాషా ముందు నడుస్తూ, ఇక్కడ ఏనుగులు, ఇక్కడ ఫిరంగులు, ఇక్కడ మా వాళ్లు కొలువు తీరే కచేరీ అని నోటికొచ్చింది చెప్పుకుపోతున్నాడు. ప్రతి మాటకీ ఒకసారి వెనక్కి తిరిగి మా ఆయన్ని చూస్తున్నాడు. మా ఆయన నిజంగానే మూగవాడైపోయాడు. ఆయన అంతసేపు మాట్లాడకుండా ఉండటం నా కాపురంలో చూడలేదు.

ఒక్కసారే మాట్లాడాడు. ఒక మలుపులో షిరీన్ అడుగు వెయ్యబోతే వెనక నుంచి, "జాగ్రత్తండీ, ఆ రాయి ఊగుద్ది," అన్నాడు. షిరీన్ ఆగిపోయింది. పుట్టాక దాన్ని ఆయన అండీ అన్నది అదే మొదలు. అది తల తిప్పకుండా రాయి దాటి వెళ్లింది. దాని మెడ వెనక మాత్రం ఎర్రబడింది. ఎండ కూడా ఉందిలెండి.

పైన చెరువు దాటాక పాడుబడ్డ మసీదు, దాని పక్కన రాళ్లు పేర్చిన పాత సమాధి ఒకటి ఉన్నాయి. ఎవరిదో దేవుడికి తెలియాలి. బాషా దాని ముందు ఆగి, గొంతు తగ్గించి, "ఇదే మా ముత్తాతగారిది," అన్నాడు. బేగం గారు ముసుగు సర్దుకుంది. సమాధి మీద ముళ్లకంప పడి ఉంది. మా ఆయన క్యాను దించి, తువ్వాలు చేతికి చుట్టుకుని ఆ కంప లాగి పారేశాడు. అదే తువ్వాలుతో రాయి తుడిచాడు. ఎగతాళిగా చెయ్యలేదు, నిజంగా తన తాతదైతే ఎలా తుడుస్తాడో అలాగే తుడిచాడు. తర్వాత అందరం పోయినవాళ్ల కోసం ఫాతెహా చదువుతుంటే, దూరంగా క్యాను దగ్గరికి పోయి నిలబడి, అక్కడే చేతులు పట్టాడు.

వాసిం అందర్నీ సమాధి దగ్గర నిలబెట్టి ఫొటో తీశాడు. బేగం గారు షిరీన్‌ని పక్కకి లాక్కుంది. వాసిం కెమెరాలోంచి చూసి, "కొంచెం జరుగు బాబాయ్, నీ నీడ పడుతోంది," అన్నాడు. ఆ నీడ మా ఆయనది. ఆయన జరిగాడు.

చెట్టుకింద పలావు వడ్డించాను. బేగం గారు రెండోసారి పెట్టించుకుంది. ఆ పనిమనిషికి కూడా పెట్టమ్మా, పొద్దుట్నుంచీ మోస్తున్నాడు అని ఆవిడే అంది. విస్తరాకులో పెట్టుకుని తీసుకెళ్లాను. గోడ అవతల రాయిమీద కూర్చున్నాడు. అంతవరకూ బిగబట్టుకున్న కోపం ఎవరిమీద చూపించాలో తెలియక ఆయన మీదే చూపించాను.

"నోట్లో నాలుక లేదా నీకు? నేను దాని బాబునని ఒక్క ముక్క అనలేకపోయావా?"

"నోరు మూసుకోమన్నావుగా."

"ఇందుకా మూసుకోమంది?"

ఆయన ఒక ముద్ద తిన్నాడు. "ఉప్పు సరిపోయింది," అన్నాడు. ఇంకో ముద్ద తిని, "పత్తి వ్యాపారమంట. బానే చెప్పింది. నాకైతే తట్టదు," అన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని మొహంలోకి చూశాను. లేదు. అదే నాకు మరీ కష్టమనిపించింది. "పో, అక్కడ చూస్తారు," అన్నాడాయన.

దిగేటప్పుడు బేగం గారి మోకాళ్లు పట్టేశాయి. నా మోకాళ్లతో వాటికి చుట్టరికం కలిసినట్టుంది. కిందికొచ్చాక సుమోలో కూలబడి, "మీ ఇల్లు దారిలోనేగా, కాసేపు నడుం వాలుస్తాను," అంది. బాషా నా మొహం చూశాడు, నేను బాషా మొహం చూశాను. కాదనడానికి ఏం సాకుంది? మా ఆయన వెనక గిన్నెలు సైకిలుకి కట్టుకుంటున్నాడు. ఆయనకి ఈ సంగతి చెప్పే సందు దొరకలేదు. సుమో కదిలిపోయింది.

ఇంట్లో ఆవిడని మంచం మీద పడుకోబెట్టాను. పడుకోగానే, "పరుపు ఎంత హాయిగా ఉంది, ఎక్కడ కొన్నారు?" అంది. గుంటూరులో అన్నాను. ఆ పరుపు షిరీన్ కడుపులో ఉన్నప్పుడు మా ఆయన నాకోసం కుట్టింది. ఏటేటా విప్పి, మళ్లీ ఏకి, మళ్లీ కుడతాడు. ఒళ్లు మండిపోయింది నాకు, ఆవిడ మీద కాదు.

ఆవిడ కళ్లు మూసుకునే బాషాతో, "ఈ పిల్ల నాకు నచ్చింది. తెలివైన పిల్ల," అంది. షిరీన్ కోర్సు సంగతి ఆవిడే కదిపింది. "మీ ఇంట్లోనే పెట్టుకోండి. మా వీధి పక్కనేగా, మా ఇంటికీ వస్తూ పోతూ ఉంటుంది," అంది. బాషా తల ఊపాడు. "అదే అనుకున్నామండీ. వచ్చే నెల పంపించమని అక్కకి చెప్తున్నా," అన్నాడు.

ఏడాదిగా ఎదురుచూసిన మాట. షిరీన్ గోడకి ఆనుకుని నిలబడి విన్నది. దాని కళ్లు నిండాయి. నాకూ సంతోషమే వేసింది, వెయ్యలేదంటే దేవుడు ఒప్పుకోడు. ఇక దాని వేళ్లు మండవు అనుకున్నాను.

అప్పుడు బయట సైకిలు స్టాండు వేసిన చప్పుడైంది.

సుమో డ్రైవరు ఎక్కడో నీడ చూసుకుని బండిని చర్చి వైపు పెట్టుకున్నాడు. వాకిట్లో బండి లేదు మరి. మమ్మల్ని దింపి వాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారని మా ఆయన అనుకున్నాడు. చెప్పులు విడిచి, గిన్నెల మూట చంకలో పెట్టుకుని, "మాబూ, కాసిని నీళ్లియ్యి," అనబోతూ గడపలో కాలు పెట్టాడు. నా పేరు సగంలో ఆగింది. మంచం మీద నుంచి బేగం గారు లేచి కూర్చుంది.

ఆయన కాలు వెనక్కి తీసుకున్నాడు.

"గిన్నెలు తెచ్చానండి," అన్నాడు.

ఎవరితో అన్నాడో నాకు తెలియదు. మూట గడప బయటే పెట్టాడు. గోడమీది నుంచి కొండమ్మ తొంగిచూసి, నోరు తెరవబోయి, నా కళ్లు చూసి మళ్లీ మూసుకుంది. బేగం గారు జాలిపడింది. "పాపం, అంత దూరం ఎండలో తొక్కుకుంటూ వచ్చాడు. అతనికి టీ ఇవ్వమ్మా," అంది.

మేమందరం తాగే టీ పొయ్యిమీదే ఉంది. షిరీన్ గ్లాసులో పోసి తీసుకెళ్లింది. నేను వంటింటి గుమ్మంలో నిలబడి చూశాను. గ్లాసు అందిస్తున్నప్పుడు టీ ఒలికింది. ఆయన రెండు చేతులతో అందుకున్నాడు. కూర్చోలేదు. వాకిట్లో, తను పాతిన వేపచెట్టు కింద నిలబడి తాగాడు. తాగాక కుళాయి దగ్గరికి పోయి గ్లాసు తనే కడిగి, మా అరుగు చివర బోర్లించాడు. కూలికొచ్చినవాళ్లు ఎలా బోర్లిస్తారో అలా. మిరపషెడ్డులో నేను రోజూ బోర్లించేదీ అలాగే. ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"వెళ్లొస్తానండి," అని చెప్పులు వేసుకుని బయటికి వెళ్లిపోయాడు.

"మంచిపిల్లవి. పనివాళ్లని బాగా చూసుకుంటావు," అంది బేగం గారు షిరీన్‌తో. షిరీన్ లోపలికొచ్చి, నా పక్కన నిలబడి, చల్లబడిన పొయ్యివైపు చూస్తూ ఉండిపోయింది. దాన్ని దగ్గరికి తీసుకోవాలనీ అనిపించింది, లాగి ఒక్కటి ఇవ్వాలనీ అనిపించింది. రెంటికీ ఓపిక లేక ఊరుకున్నాను.

వాళ్లు ఇంకా చాలాసేపు ఉన్నారు. బేగం గారు కునుకు తీసింది, అసరు నమాజు చేసుకుంది, షిరీన్ జడ విప్పి మళ్లీ అల్లింది. కిటికీలోంచి చూస్తే మా ఆయన యలమందయ్య కొట్టు బల్లమీద కూర్చుని ఉన్నాడు. వచ్చేపోయేవాళ్లు ఏదో అడుగుతుంటే చెయ్యి ఊపి పంపించేస్తున్నాడు. చుట్టాలు ఇంట్లో ఉంటే నువ్విక్కడేంటి సాయిబూ అనే అడిగి ఉంటారు.

సాయంత్రం సుమో ఎక్కబోతూ బాషా నన్ను పక్కకి పిలిచాడు. "అక్కా, షిరీన్‌ని నువ్వే తెచ్చి దింపు. బావని పంపొద్దు. వాళ్లది పక్క వీధే. బావని చూశారుగా ఇప్పుడు," అన్నాడు. నేలచూపులు చూస్తూనే అన్నాడు, అంతవరకు నయం. "కోర్సు అయ్యేదాకా అసలు రాకుండా ఉంటేనే మంచిది. మా అమ్మాయి పెళ్లికి కూడా... నువ్వూ షిరీనూ రండి."

వెనక షిరీన్ ఉందని అతను చూడలేదు. నేను చూశాను. పొద్దున కొండ కింద అన్న ఆ ఒక్క ముక్క ఆ పూటతో అయిపోతుందనుకుంది పిచ్చిది. నేనూ అలాగే అనుకున్నాను.

సుమో కదిలింది. అది ఊరి చివరికైనా పోకముందే షిరీన్ చెప్పులు కూడా లేకుండా రోడ్డు మీదికి నడిచింది. నేను వెనకాలే వాకిలి దాకా వెళ్లాను. రోడ్డుకి అవతల బల్లమీద ఆయన అలాగే కూర్చుని ఉన్నాడు. పొద్దుట్నుంచీ మోసిన భుజాన్ని చేత్తో పిసుక్కుంటున్నాడు.

"నాన్నా," అని పిలిచింది. "నాన్నా, ఇంటికి రా. నేనెక్కడికీ పోను."

ఆయన లేవలేదు. దాన్ని చూడలేదు కూడా. ముందు రోడ్డు చివరికి చూశాడు. అక్కడ రైలు గేటు వేసి ఉంది. గేటు ముందు లారీల వెనక సుమో ఆగి ఉంది. వెనక అద్దంలో బేగం గారి తెల్ల ముసుగు మాకు ఇక్కడికి కనబడుతూనే ఉంది.

"మెల్లగా తల్లీ," అన్నాడాయన, పెదవులు కదిలీ కదలకుండా. "గేటు పడింది. వాళ్లింకా పోలేదు. నువ్వు లోపలికి పో."

షిరీన్ నడిరోడ్డు మీద నిలబడిపోయింది, ముందుకీ పోలేక, వెనక్కీ రాలేక. నేను గుమ్మం దాటలేదు. ఆయన మొహం అటు తిప్పుకుని, మేమెవరో తెలియనట్టు గేటు వైపే చూస్తూ కూర్చున్నాడు. ఆ రైలు ఎంతకీ రాలేదు.